థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక తిరగబెట్టిందేమో ఎలా కనిపెట్టుకుని ఉండాలి

మా వదినకు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేసి 11 ఏళ్లయింది. ఆనాటి నుంచి ఆమె రిపోర్టుల ఫైలు నా దగ్గరే ఉంది. మొదట ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ఆమెతో పాటు ఎండోక్రైనాలజీ (హార్మోన్ల విభాగం) ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నదీ నేనే. నేను డాక్టరును కాను. మందు మోతాదు ఎంత ఉండాలి, మళ్లీ ఆపరేషన్ అవసరమా అన్నవి మీ డాక్టరు తేల్చవలసిన సంగతులు. అయితే ఆయన సరిగా తేల్చాలంటే ముందు పెట్టే కాగితాలు ఒకదానితో ఒకటి పోల్చదగినవిగా ఉండాలి, ఆ పని ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది. ఒకే ఒక్క రిపోర్టు చూసి ఈ జబ్బు తిరగబెట్టిందనో లేదనో చెప్పగలిగే సందర్భాలు తక్కువ. నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టి, రెండూ ఒకే తీరున కొలిచినవేనని నమ్మకం కుదిరాకే ఏదైనా మాట్లాడటానికి వీలవుతుంది. కింద చెప్పేదంతా ఆ పోలిక చెడకుండా చూసుకోవడం ఎలాగన్నదాని గురించే.

మొదట బయాప్సీ రిపోర్టు తెచ్చుకోండి

తీసిన గ్రంథిని పాథాలజీ వాళ్లు కోసి, సూక్ష్మదర్శినిలో చూసి ఇచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టే ఈ వ్యవహారమంతటికీ పునాది. డిశ్చార్జి నాటికి అది సాధారణంగా చేతికి రాదు. కొన్నాళ్ల తర్వాత వెళ్లి తెచ్చుకోవాలి, కుట్లు విప్పించుకునే హడావిడిలో చాలామంది దాన్ని మరిచిపోతారు. తెచ్చుకుని రెండు జిరాక్సులు తీయించి, అసలు ప్రతిని బీరువాలో పెట్టండి.

అందులో మొదట చూడవలసింది రకం. థైరాయిడ్ క్యాన్సర్లలో పదింట ఎనిమిది దాకా పాపిల్లరీ రకానివే, దాని తర్వాతి స్థానం ఫాలిక్యులర్‌ది. ఈ రెండింటి కణాలూ మామూలు థైరాయిడ్ కణాల గుణాన్ని చాలావరకు నిలుపుకుంటాయి, అంటే అయోడిన్‌ను పీల్చుకుంటాయి, థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. ఈ రకాలకు చేసే పరీక్షలన్నీ ఆ రెండు గుణాల మీదే నడుస్తాయి. మెడ్యుల్లరీ రకం వేరే కణాల నుంచి పుడుతుంది కనుక దాని దారి వేరు, ఆ సంగతి చివర్లో చెబుతాను. అనాప్లాస్టిక్ రకం చాలా అరుదు, చాలా వేగంగా పెరుగుతుంది. అది ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకుంటూ కూర్చునే జబ్బు కాదు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

రకం తర్వాత గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఒకటేనా రెండు మూడు చోట్ల ఉందా, గ్రంథి పొర దాటి చుట్టుపక్కల కండరంలోకి పాకిందా, రక్తనాళాల్లోకి చొచ్చిందా, మెడలోంచి తీసిన లింఫు గ్రంథులు ఎన్ని, వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ కనిపించింది అన్నవి ఒక నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. వీటిని బట్టే డాక్టర్లు తిరగబెట్టే అవకాశాన్ని అంచనా వేస్తారు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో ఇచ్చిన లెక్క ప్రకారం తక్కువ ముప్పు ఉన్నవారిలో ఆ అవకాశం నూటికి 5 లోపు, మధ్యరకం వారిలో 5 నుంచి 20 దాకా, ఎక్కువ ముప్పు ఉన్నవారిలో 20కి పైన. మీరు ఏ వర్గంలోకి వస్తారో డాక్టరును సూటిగా అడిగి ఆ మాట కూడా అదే పేజీలో రాయండి. పరీక్షలు ఆరు నెలలకు ఒకసారా, ఏడాదికి ఒకసారా, గ్రంథి తీసేశాక రోజూ వేసుకునే థైరాయిడ్ హార్మోను మాత్ర ఎంత మోతాదు అన్న నిర్ణయాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

నోటుబుక్కులో గీతలు గీయండి

రెండో పేజీ నుంచి పట్టిక. గళ్లు ఇవి: తేదీ, ల్యాబు పేరు, పరీక్ష చేసిన పద్ధతి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను), థైరోగ్లోబ్యులిన్, యాంటీ థైరోగ్లోబ్యులిన్ (దానికి విరుద్ధంగా శరీరం తయారు చేసే యాంటీబాడీలు), ఆనాటికి వేసుకుంటున్న మాత్ర ఎన్ని మైక్రోగ్రాములు, మెడ స్కానింగులో ఏమన్నారు. పద్ధతి గడి చూసి చాలామంది ఇదెందుకని అడుగుతారు. రిపోర్టులో అంకె కింద చిన్న అక్షరాల్లో సీఎల్‌ఐఏ అనో ఈసీఎల్‌ఐఏ అనో ఉంటుంది, కొన్ని ల్యాబులు యంత్రం పేరు కూడా రాస్తాయి. ఆ చిన్న అక్షరాలు మారాయంటే అంకెను నమ్మేముందు ఒక్క క్షణం ఆగాలి.

ఇదంతా ఎందుకంటారా? మా వదిన ఆపరేషన్ అయిన ఐదో ఏట, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటామంటే వేరే ల్యాబుకు ఇచ్చాం. అంతవరకు 0.2 లోపే ఉంటూ వచ్చిన థైరోగ్లోబ్యులిన్ 0.9 అని వచ్చింది. ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. అపాయింట్‌మెంటు పది రోజుల తర్వాత గానీ దొరకలేదు. డాక్టరమ్మ కాగితం తిప్పి చూసి, ఈ యంత్రం 1 కన్నా కింది అంకెలను నమ్మకంగా కొలవలేదని, పాత ల్యాబులో మళ్లీ చేయించమని చెప్పారు. పాత ల్యాబులో 0.2 లోపే వచ్చింది. ఆ పది రోజుల భయానికి కారణం క్యాన్సర్ కాదు, మేం ల్యాబు మార్చడం.

కాబట్టి ల్యాబు ఎంచుకునేటప్పుడే ఒక మాట అడగండి: మీ యంత్రం థైరోగ్లోబ్యులిన్‌ను ఎంత తక్కువ దాకా కొలుస్తుంది? మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము దాకా, ఇంకా కిందికి కొలిచేవి ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. అలాంటి చోటు ఒకటి చూసుకుని, రాయితీలు చూసి మారకుండా అక్కడే ఉండిపోండి.

రక్తపరీక్ష ఎప్పుడు, ఎలా

గ్రంథి తీసేశాక రక్తంలో అప్పటికే ఉన్న థైరోగ్లోబ్యులిన్ మెల్లగా కరిగిపోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందుకే డిశ్చార్జి అయిన వారానికే చేయించిన పరీక్షకు విలువ లేదు. మొదటి పరీక్ష 6 నుంచి 12 వారాల మధ్య, తర్వాతది ఆరు నెలల నుంచి ఏడాది లోపు చేయిస్తారు. ఆ తర్వాత ఎన్నాళ్లకోసారి అన్నది వచ్చిన ఫలితాన్ని బట్టి ఉంటుంది.

థైరోగ్లోబ్యులిన్ ఒక్కటే రాసిన చీటీతో ల్యాబుకు వెళ్లకండి. టీఎస్‌హెచ్, థైరోగ్లోబ్యులిన్, యాంటీ థైరోగ్లోబ్యులిన్ మూడూ ఒకే రోజు, ఒకేసారి తీసిన రక్తంలో చూడాలి. టీఎస్‌హెచ్ ఎందుకంటే, అది పెరిగితే మిగిలిన థైరాయిడ్ కణాలను రెచ్చగొడుతుంది, వాటితో పాటు థైరోగ్లోబ్యులిన్ కూడా పెరుగుతుంది. ఇంట్లో పెళ్లి పనుల్లో పడి మూడు నాలుగు వారాలు మాత్రలు సరిగా వేసుకోని మనిషికి టీఎస్‌హెచ్ బాగా పెరిగి, థైరోగ్లోబ్యులిన్ కూడా కొంచెం పెరిగినట్టు కనిపిస్తే అది జబ్బు వల్లేనని చెప్పలేం. మాత్ర సరిచేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చూడాలి.

యాంటీ థైరోగ్లోబ్యులిన్ సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఈ క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి థైరోగ్లోబ్యులిన్‌కు విరుద్ధంగా శరీరమే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే యంత్రాల్లో ఆ యాంటీబాడీలు పరీక్షకు అడ్డుపడి, ఉన్న థైరోగ్లోబ్యులిన్‌ను లేనట్టు చూపిస్తాయి. అంటే యాంటీబాడీలు ఉన్న మనిషి రిపోర్టులో థైరోగ్లోబ్యులిన్ సున్నాకు దగ్గరగా ఉందని సంబరపడటానికి లేదు. అలాంటివారికి యాంటీబాడీల అంకెనే ఆనవాలుగా పెట్టుకుంటారు. అది ఏడాదికేడాది తగ్గుతూ పోతే మంచి సూచన, పూర్తిగా పోవడానికి రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తగ్గినది మళ్లీ పెరగడం మొదలుపెడితే, లేదా అసలు లేనివి కొత్తగా కనిపిస్తే, థైరోగ్లోబ్యులిన్ ఎంత తక్కువగా ఉన్నా సరే డాక్టర్లు స్కానింగులతో వెతకడం మొదలుపెడతారు. ల్యాబును బట్టి ఈ యాంటీబాడీల అంకె థైరోగ్లోబ్యులిన్ కన్నా ఎక్కువగా మారుతుంది. రిపోర్టులో ‘నెగెటివ్’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా అంకె ఎంతో కూడా రాయమని అడగండి.

మరొక చిక్కు బయోటిన్. జుట్టు రాలకుండా, గోళ్లు విరగకుండా ఉండటానికని మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే మాత్రల్లో ఒక్కోదాంట్లో 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. ఆపరేషన్ తర్వాత జుట్టు ఊడుతోందని వీటిని వేసుకునే ఆడవాళ్లు తక్కువేం కాదు. కొన్ని యంత్రాల్లో ఇది థైరోగ్లోబ్యులిన్‌ను, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. భయపెట్టే తప్పు కన్నా ఊరడించే తప్పు ప్రమాదం. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, అంతకన్నా పెద్ద మోతాదు వాడుతుంటే ఎన్నాళ్ల ముందు ఆపాలో డాక్టరును అడగండి.

పరగడుపున వెళ్లవలసిన అవసరం థైరోగ్లోబ్యులిన్‌కు లేదు. అయినా ప్రతిసారీ పొద్దున్నే, ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చి, ఇచ్చాక అక్కడే నీళ్లతో మాత్ర వేసుకునే అలవాటు చేసుకుంటే అన్ని అంకెలూ ఒకే తీరున వస్తాయి. మా వదిన చేతిసంచిలో ఆ రోజు మాత్ర ఒక చిన్న కాగితంలో మడిచి ఉంటుంది.

అంకెను ఎలా చదవాలి

ఇక్కడ చెప్పే హద్దులు గ్రంథి మొత్తం తీసేసి, తర్వాత రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక అయోడిన్ మందు) కూడా ఇచ్చినవారికి వర్తిస్తాయి. యాంటీబాడీలు లేకుండా, మాత్ర వేసుకుంటూ ఉండగా థైరోగ్లోబ్యులిన్ 0.2 కన్నా తక్కువగా ఉండి, మెడ స్కానింగు శుభ్రంగా ఉంటే దాన్ని చికిత్సకు అత్యుత్తమ స్పందన అంటారు. ఇలాంటివారిలో తిరగబెట్టేది నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే. స్కానింగుల్లో ఏమీ కనిపించకపోయినా అంకె 1 గానీ అంతకు మించి గానీ ఉంటే రక్తంలో జబ్బు జాడ మిగిలిందని లెక్క. అయినా ఈ వర్గంలో దాదాపు మూడో వంతు మందికి అదనపు చికిత్స లేకుండానే ఏళ్ల మీద అంకె తగ్గిపోతుంది, ఐదో వంతు మందికి మాత్రం కాలక్రమంలో స్కానింగులో కనిపించే గడ్డ తేలుతుంది. 0.2కూ 1కీ మధ్య ఉన్నవారిని ఎటూ తేలనివారుగా పెట్టి గమనిస్తారు.

రేడియో అయోడిన్ ఇవ్వకుండా వదిలేసినవారిలో మెడలో రవ్వంత మామూలు థైరాయిడ్ కణజాలం మిగిలే ఉంటుంది, అది కూడా థైరోగ్లోబ్యులిన్ తయారు చేస్తుంది. వీరికి 0.2 అన్న హద్దు పట్టుకుని కంగారుపడటం అనవసరం. ఆపరేషన్ తర్వాత నిలబడిన అంకె అలాగే ఉందా, పైకి పాకుతోందా అన్నదే చూడాలి. సగం గ్రంథి మాత్రమే తీసినవారిలో ఇది ఇంకా నిజం. మిగిలిన సగం మామూలుగానే థైరోగ్లోబ్యులిన్‌ను వదులుతూ ఉంటుంది కనుక అంకె చెప్పేది తక్కువ, వీరికి ముఖ్యమైన పరీక్ష మెడ స్కానింగే.

ఎవరికైనా సరే, అంకె 1 నుంచి 2కు, 2 నుంచి 4కు పోతున్న వేగం ఆ అంకె కన్నా ముఖ్యం. ఏడాది లోపే రెట్టింపయ్యేది తొందరపడవలసినది. ఐదారేళ్లుగా 1.3, 1.2, 1.4 అంటూ ఒకే చోట తిరుగుతున్నది సాధారణంగా అంత తొందరపెట్టదు. నోటుబుక్కు లేనివాళ్లకు ఈ తేడా కనిపించదు.

మెడ స్కానింగు

పాపిల్లరీ రకం తిరగబెడితే ఎక్కువగా కనిపించేది మెడలోని లింఫు గ్రంథుల్లోనే. అందుకే మెడ అల్ట్రాసౌండ్‌కు ఇంత ప్రాధాన్యం. ఆపరేషన్ గాయం మానుతున్న తొలి నెలల్లో చేయిస్తే వాపునూ మచ్చనూ గడ్డలుగా పొరబడే ప్రమాదం ఉంది, మొదటి స్కానింగు 6 నుంచి 12 నెలల మధ్య చేయించడం మామూలు.

స్కానింగు చేసే మనిషి చెయ్యి ఇక్కడ చాలా ముఖ్యం. కడుపు స్కానింగులు రోజంతా తీసే చోట మెడను రెండు నిమిషాల్లో ముగించి ‘థైరాయిడ్ లేదు, మరేమీ కనిపించలేదు’ అని రాసి పంపేస్తారు. అది ఆపరేషన్ అయిన మనిషికి చాలదు. థైరాయిడ్ రోగులను తరచూ చూసే రేడియాలజిస్టు ఎవరో మీ సర్జన్‌నే అడగండి. రెండు వైపులా దవడ కింద నుంచి కాలర్ ఎముక దాకా, మధ్యలో థైరాయిడ్ గ్రంథి ఉన్న చోటు కూడా వరుసగా చూడాలి. మెడను లెవెల్ 2, 3, 4, 5, 6 అంటూ భాగాలుగా విభజిస్తారు, కనిపించిన ప్రతి లింఫు గ్రంథి ఏ లెవెల్లో ఉందో, కొలతలు ఎంతో రిపోర్టులో ఉండాలి. వచ్చే ఏడు మరొకరు చూసినా అదే గ్రంథిని గుర్తుపట్టగలగాలి కదా. పాత రిపోర్టును స్కానింగు బల్ల ఎక్కకముందే వాళ్ల చేతిలో పెట్టండి, అయ్యాక చూపిస్తే చేయి దాటిపోయినట్టే.

మెడలో లింఫు గ్రంథులు కనిపించడం తప్పేమీ కాదు. పంటి నొప్పి వచ్చినా గొంతు చెడినా బిళ్లలు కడతాయి. చిక్కుడు గింజలా కోలగా ఉండి, మధ్యలో తెల్లటి కొవ్వు గీత కనిపించేది మంచిదన్నట్టే. గుండ్రంగా మారడం, ఆ కొవ్వు గీత పోవడం, లోపల సన్నని సున్నపు చుక్కలు, నీటి తిత్తులు, అంచుల వెంట రక్తప్రసారం ఉన్నాయని రాస్తే డాక్టరుకు వెంటనే చూపించాలి. అందులోనూ అతి చిన్న కొలత పక్క మెడలో 10, మధ్య మెడలో 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే తరచుగా సూది గుచ్చకుండా కొన్ని నెలలు ఆగి మళ్లీ చూడమంటారు. అది నిర్లక్ష్యం కాదు. అంత చిన్నవి ఏళ్ల తరబడి పెరగకుండా ఉండిపోవడం మామూలే, పైగా ఒకసారి కోసిన మెడను రెండోసారి కోయడం స్వరపేటిక నరానికీ, రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులకూ ప్రమాదం.

సూది పరీక్ష (ఎఫ్‌ఎన్‌ఏసీ) చేయాలని నిర్ణయిస్తే ఒక్క మాట ముందే అడిగి ఉంచండి: సూదిని ఉప్పునీటిలో కడిగి, ఆ నీటిలో థైరోగ్లోబ్యులిన్ కూడా చూస్తారా అని. మెడ్యుల్లరీ కాని రకాల్లో, లింఫు గ్రంథిలోంచి తీసిన ఆ నీటిలో 10 నానోగ్రాములకు పైగా వస్తే అది థైరాయిడ్ నుంచి పాకిన జబ్బేనన్న అనుమానం బలపడుతుంది, 1 లోపు ఉంటే ధైర్యం. స్లైడులో కణాలు సరిగా రాకపోయినా ఈ అంకె దారి చూపుతుంది. కానీ సూది గుచ్చిన రోజే కడగాలి, తర్వాత గుర్తొస్తే మళ్లీ గుచ్చించుకోవలసిందే.

మాత్ర, ‘ఎల్’ అన్న అక్షరం

లీవోథైరాక్సిన్ మాత్ర హార్మోను లోటు తీర్చడమే కాక, పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల్లో టీఎస్‌హెచ్‌ను అణిచి ఉంచి జబ్బును రెచ్చగొట్టకుండా చూస్తుంది. ఎక్కువ ముప్పు ఉన్నవారికి టీఎస్‌హెచ్ 0.1 కన్నా తక్కువ, మధ్యరకానికి 0.1 నుంచి 0.5, తక్కువ ముప్పువారికి 0.5 నుంచి 2 మధ్య ఉంచడం 2015 నాటి మార్గదర్శకాల పద్ధతి. మీ లక్ష్యం ఎంతో నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి, డాక్టరుతో సంతకం చేయించుకోగలిగితే ఇంకా మంచిది. ఎందుకంటే ల్యాబు కాగితం మీద మామూలు మనుషుల హద్దులే అచ్చవుతాయి. 0.08 పక్కన ‘ఎల్’ అని, అంటే తక్కువ అని ముద్ర పడుతుంది. జ్వరానికని వెళ్లిన వీధి చివరి క్లినిక్‌లో ఆ ‘ఎల్’ చూసి మాత్ర ఎక్కువైందని 125 మైక్రోగ్రాములను 75కు తగ్గించేసిన కథలు ఓపీ బెంచీ మీద నేను రెండు మూడు విన్నాను.

అలాగని ఎల్లకాలం అణిచి ఉంచడమూ మంచిది కాదు. గుండె దడ, లయ తప్పడం, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడటం దాని వల్ల రావచ్చు. జబ్బు జాడ లేకుండా కొన్నేళ్లు గడిచాక డాక్టరు మాత్ర తగ్గిస్తానంటే భయపడి వద్దనకండి.

మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీ టీ టిఫిన్లకు అరగంట నుంచి గంట ఆగాలి. ఆపరేషన్ తర్వాత వాడే కాల్షియం, రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం అని తెలిసిన వారంలోనే డాక్టరుకు చెప్పండి, మోతాదు పెంచవలసి వస్తుంది.

అయోడిన్ స్కాన్ రాస్తే

కొద్దిపాటి రేడియో అయోడిన్ ఇచ్చి, దాన్ని పీల్చుకున్న కణాలు ఒంట్లో ఎక్కడున్నాయో చూసే స్కాన్ ఇది. అందరికీ ఏటేటా అక్కర్లేదు. థైరోగ్లోబ్యులిన్ కనిపించకుండా మెడ శుభ్రంగా ఉన్న తక్కువ ముప్పువారికి మళ్లీ మళ్లీ చేయించడంలో లాభం లేదు. రాస్తే మాత్రం ఇంట్లో పెద్ద పని ఉప్పు. ఒకటి రెండు వారాలు అయోడిన్ కలిపిన ఉప్పు మానాలి. కల్లుప్పు వాడితే సరిపోతుందని అనుకోవద్దు, ఇప్పుడు అమ్మే కల్లుప్పు ప్యాకెట్లలోనూ అయోడిన్ కలిపినవి చాలా ఉన్నాయి. ప్యాకెట్ వెనక చదివి, అయోడిన్ లేనిదని స్పష్టంగా రాసి ఉన్నదే తెచ్చుకోండి. చేపలు, రొయ్యలు, ఎండుచేపలు, గుడ్డు పచ్చసొన, బేకరీ సరుకు, హోటల్ తిండి, కొన్న పచ్చళ్లు మానాలి, పాలూ పెరుగూ బాగా తగ్గించాలి. ఆ ముందు ఒకటి రెండు నెలల్లో రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ చేసి ఉంటే తప్పక చెప్పండి, ఆ మందులో అయోడిన్ ఉంటుంది.

దీనికోసం మాత్రను మూడు నాలుగు వారాలు ఆపించి టీఎస్‌హెచ్‌ను 30 దాటేలా చేస్తారు, లేదా రెండు రోజులు వరుసగా ఖరీదైన టీఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మాత్ర ఆపిన మనిషి మందకొడిగా, మొహం ఉబ్బి, చలికి ముడుచుకుపోతూ ఉంటుంది. ఆ రోజుల్లో బండి నడపనివ్వకండి, విసుక్కోకండి. అప్పుడు తీసిన థైరోగ్లోబ్యులిన్ అంకెను నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాయండి. అది రెచ్చగొట్టి కొలిచినది, మామూలు రోజుల అంకెతో పోల్చకూడదు, దాని హద్దులు వేరు. 1 లోపు ఉంటే అత్యుత్తమం, 10కి మించితే అనుమానం. 10కి మించి కూడా అయోడిన్ స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే పెట్ సీటీ (చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలను చూపే స్కాన్) రాస్తారు, ఎందుకంటే అయోడిన్ పీల్చే గుణం పోగొట్టుకున్న కణాలు అక్కడ దొరికే అవకాశం ఉంది. రేడియో అయోడిన్ చికిత్స తీసుకున్న ఆడవాళ్లు కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

మెడ్యుల్లరీ అయితే

నోటుబుక్కులో థైరోగ్లోబ్యులిన్ గడిని కొట్టేసి కాల్సిటోనిన్, సీఈఏ అని రెండు గళ్లు గీయండి, ఈ రకం కణాలు రక్తంలోకి వదిలేవి ఇవే. ఆపరేషన్ తర్వాత మూడు నెలలకు మొదటిసారి చూస్తారు. కాల్సిటోనిన్ బయటి వేడికి త్వరగా పాడవుతుంది కనుక వీధిలోని కలెక్షన్ సెంటర్లో కాకుండా పరీక్ష చేసే పెద్ద ల్యాబుకే వెళ్లి రక్తం ఇవ్వండి. అంకె మిల్లీలీటరుకు 150 పికోగ్రాముల లోపు ఉంటే జబ్బు మిగిలినా ఎక్కువగా మెడలోనే ఉంటుంది, అది దాటితే ఛాతీ, కాలేయం, ఎముకలు కూడా చూస్తారు. ఆరు నెలల లోపే రెట్టింపయ్యేది వేగమైనది, రెట్టింపుకు రెండేళ్లు దాటేది నెమ్మదైనది. ఈ రకానికి రేడియో అయోడిన్ పనికిరాదు, టీఎస్‌హెచ్‌ను అణచనక్కర్లేదు. ఇంచుమించు నాలుగింట ఒకటి వంశపారంపర్యంగా వస్తుంది కనుక రోగికి రెట్ (RET) అనే జన్యువు పరీక్ష చేయించాలి, అందులో తేడా ఉందని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ చేయించాలి. పిల్లలకు ఏమీ చెప్పకుండా దాచిపెట్టే ఇళ్లు ఉన్నాయి, ఇది దాచవలసిన సంగతి కాదు.

రెండు పరీక్షల మధ్య

నెలకోసారి స్నానం అయ్యాక అద్దం ముందు మెడ రెండు వైపులా వేళ్లతో తడిమి చూస్తే చాలు. రోజూ నొక్కుకుంటే లేని బిళ్లలు కూడా తగులుతాయి. రెండు మూడు వారాలైనా తగ్గని కొత్త గడ్డ, కారణం లేకుండా బొంగురుపోయిన గొంతు, ముద్ద దిగకపోవడం, దగ్గులో రక్తం, రాత్రి నిద్ర లేపే ఎముక నొప్పి వస్తే తర్వాతి తేదీ దాకా ఆగకండి. వేళ్ల చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లు మాత్రం జబ్బు తిరగబెట్టిన గుర్తు కాదు. అది కాల్షియం తగ్గడం వల్ల కావచ్చు, దానికీ ఆలస్యం చేయకూడదు.

అంతా బాగున్నవారికి ఏళ్లు గడిచేకొద్దీ పరీక్షల మధ్య ఎడం పెరుగుతుంది, స్కానింగులు తగ్గిస్తారు. థైరోగ్లోబ్యులిన్‌ను మాత్రం పూర్తిగా మానుకోకండి, పదేళ్ల తర్వాత, అంతకన్నా ఆలస్యంగా తిరగబెట్టిన సందర్భాలు ఈ జబ్బులో ఉన్నాయి. ప్రభుత్వ పథకం కింద చికిత్స చేయించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షల్లో ఏవి అందులో వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ముందే కనుక్కుంటే ఖర్చు కలిసొస్తుంది.

ఊరు మారేవాళ్లకు, ముఖ్యంగా పిల్లల దగ్గరికని డల్లాస్‌కో మెల్బోర్న్‌కో వెళ్లి నెలల తరబడి ఉండిపోయే పెద్దవాళ్లకు ఒక సూచన. బయలుదేరే ముందు వారంలో పాత ల్యాబులో ఒకసారి చేయించుకోండి. అక్కడ దిగాక నెలలోపు, మాత్ర మోతాదు మార్చకముందే, కొత్త ల్యాబులో మళ్లీ చేయించుకోండి. ఆ రెండు అంకెలనూ నోటుబుక్కులో పక్కపక్కన రాసి, మధ్యలో నిలువు గీత గీయండి. గీతకు ఇవతలి అంకెలను ఇవతలివాటితో, అవతలివాటిని అవతలివాటితో పోలుస్తారు. ఆసుపత్రి పాథాలజీ విభాగంలో అర్జీ పెడితే ఇచ్చే, తీసిన గ్రంథి ముక్కలున్న స్లైడులనూ మైనపు దిమ్మలనూ కూడా వెంట తీసుకెళ్లండి, వాటిని చెక్-ఇన్ సామానులో కాకుండా చేతిసంచిలోనే పెట్టుకోండి.